పసిరిక పాముకు విషం ఉన్నట్టా, లేనట్టా?

పచ్చని పొదలో మరో తీగలా సాగి ఉండే పసిరిక పాముకు పొరుగు భాషల్లో ఉన్న పేర్లు వింటే ఒళ్లు జలదరిస్తుంది. తమిళులు దానిని కణ్‌కొత్తి పాంబు అంటారు, అంటే కళ్లు పొడిచే పాము. సింహళంలో అహేటుల్లా అన్న మాటకూ ఇంచుమించు అదే అర్థం. ఈ రెండో పేరు ఊళ్లో మాటగా మిగిలిపోక, 1807లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త లింక్ చేతిలో ఈ పాముల ప్రజాతికి శాస్త్రీయ నామంగా స్థిరపడింది. ఆ విధంగా ఒక పుకారు లాటిన్ వేషం కట్టుకొని ప్రపంచంలోని ప్రతి పాముల పట్టికలోకీ చేరింది. తెలుగువారి పేరు మాత్రం ఏ నిందా మోపకుండా రంగు చెప్పి ఊరుకుంది. ఆకును నలిపితే వచ్చే పచ్చని రసాన్ని పసరు అంటాం కదా, పసిరికలో వినిపించేది ఆ పసరే.

ఈ పాము ఎదురుపడినప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: దీనికి విషం ఉందా? ఒకరు ఉందంటారు, కర్ర కోసం చూస్తారు. మరొకరు లేదంటారు, చేత్తో పట్టుకుంటారు. చిక్కేమిటంటే, పాములన్నిటినీ విషమున్నవి, విషం లేనివి అనే రెండు గంపల్లో సర్దడం మనకు అలవాటు. నాగుపామును మొదటి గంపలోనూ జెర్రిపోతును రెండో గంపలోనూ వేయడానికి ఆలోచించనక్కరలేదు గానీ, పసిరిక పాము ఈ రెండింటిలో దేనిలోనూ ఇమడదు. ఎందుకు ఇమడదో తెలియాలంటే ముందు దాని నోరు ఎలా ఉంటుందో చూడాలి.

నాగుపాముకు, కట్లపాముకు కోరలు పై దవడ ముందు భాగంలో ఉంటాయి. అవి ఇంజెక్షన్ సూదుల్లా లోపల బోలుగా ఉంటాయి. కాటు పడిన క్షణంలో విషగ్రంథి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొని, అక్కడ నిల్వ ఉన్న విషాన్ని ఒత్తిడితో ఆ సూదుల గుండా శరీరంలోకి నెట్టివేస్తాయి. పసిరిక పాము కోరలు పై దవడలో వెనుకగా ఉంటాయి. వాటికి బోలు ఉండదు, పైనుంచి కిందికి ఒక గాడి మాత్రం ఉంటుంది. ఆ కోరలకు స్రావాన్ని అందించే గ్రంథిని ఫ్రెంచ్ శరీరశాస్త్రవేత్త డువర్నాయ్ పేరుతో డువర్నాయ్ గ్రంథి అంటారు. నాగుపాములో లాగా విషాన్ని పెద్ద మోతాదులో దాచుకొనే సంచి గానీ, దానిని బలంగా పిండే కండరాల ఏర్పాటు గానీ ఇందులో ఉండవు. స్రావం గాడి వెంట మెల్లగా జారి గాయంలోకి ఇంకాలి. కనుక ఈ పాము ఒక్క కాటు వేసి వదిలేస్తే దాని విషానికి పని లేదు. పట్టిన దానిని నోట్లోనే ఉంచుకొని, దవడలు ఆడిస్తూ, వెనుక కోరలు దిగేదాకా నమలాలి. బల్లి గానీ కప్ప గానీ దొరికినప్పుడు అది చేసేది అదే. ఎరను నేల మీది నుంచో కొమ్మ మీది నుంచో పైకి లేపి, కాళ్లకు పట్టు దొరకకుండా గాలిలో వేలాడదీసి, కదలిక ఆగేవరకు నములుతూ ఉంటుంది.

ఈ గ్రంథిని విషగ్రంథి అనవచ్చా, ఆ స్రావాన్ని విషం అనవచ్చా అని పాముల శాస్త్రవేత్తలు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఒక వర్గం దానిని జీర్ణక్రియకు తోడ్పడే లాలాజలానికి దగ్గరిదిగా చూసింది. ఎరను లొంగదీసే పదార్థం ఏదైనా విషమే అన్నది ఇంకో వర్గం వాదన. గత ఇరవై ఏళ్లలో వచ్చిన రసాయన పరిశోధనలు రెండో వాదనకే బలం చేకూర్చాయని నాకనిపిస్తుంది. పసిరిక పాముకు దూరపు బంధువులైన కొన్ని వెనుక కోరల పాముల్లో, ఎర ఏ జంతువైతే ఆ జంతువు మీదే గట్టిగా పనిచేసే విషపదార్థాలు బయటపడ్డాయి. ఆగ్నేయాసియా మడ అడవుల్లో ఉండే నలుపు పసుపు పట్టీల బోయిగా పాములోని డెన్మోటాక్సిన్ పక్షుల నరాల సంకేతాలను అడ్డుకోవడంలో దిట్ట, ఎలుకల మీద మాత్రం దాని ప్రతాపం చాలా తక్కువ. అమెరికా ఖండంలో పసిరిక పామునే పోలి ఉండే ఆక్సీబెలిస్ అనే పచ్చని తీగపాము విషంలోని ముఖ్యమైన ప్రోటీన్‌ను 2013లో పరిశీలించినప్పుడు, అది బల్లులను చంపింది, ఎలుకలను ఏమీ చేయలేకపోయింది. నరం కండరాన్ని తాకే చోట విషం అతుక్కొనే భాగంలో బల్లికీ ఎలుకకూ ఉన్న తేడాయే దీనికి కారణం కావచ్చు.

స్వల్ప విషం అన్న మాటను మనం సాధారణంగా బలహీనమైన విషం అని అర్థం చేసుకుంటాం. అక్కడే పొరపాటు జరుగుతోంది. బల్లి దృష్టిలో అది స్వల్పం కానే కాదు, నిమిషాల్లో ప్రాణం తీసే విషం. మనిషికి అది స్వల్పం కావడానికి కారణాలు మూడు కలిసి వస్తాయి: స్రావం పరిమాణం తక్కువ, అది లోపలికి చేరే దారి నెమ్మది, దాని గురి మన వంటి క్షీరదాల మీద కాదు. ఈ మూడింటిలో ఏది మారినా ఫలితం మారవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సరుకుల ఓడల్లో పసిఫిక్ మహాసముద్రంలోని గ్వామ్ దీవికి చేరిన గోధుమరంగు బోయిగా పాము, అక్కడి అడవిపక్షుల్లో పన్నెండు స్థానిక జాతులకు గాను పదింటిని దీవిలో లేకుండా చేసింది. పెద్దలకు దాని కాటు వాపుతో పోతుంది. నిద్రలో ఉన్న పసిపిల్లలను పట్టి చాలాసేపు నమిలిన సందర్భాల్లో మాత్రం కొందరికి ఊపిరి తీసుకోవడం కష్టమై ఆసుపత్రిలో చికిత్స చేయవలసి వచ్చింది. విషం మారలేదు, శరీరం పరిమాణం, కాటు వ్యవధి మారాయి.

పసిరిక పాము కాటు పడిన పెద్దవారిలో సాధారణంగా కనిపించేవి నొప్పి, వాపు, కాస్త తిమ్మిరి, కాటుచోట కమిలిన రంగు. ఇవి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. కాటు వేసిన వెంటనే పాము వదిలేస్తే చాలాసార్లు ఈ మాత్రం కూడా ఉండదు, ఎందుకంటే ముందు పళ్లు గీరుకున్నాయే తప్ప వెనుక కోరలు దిగలేదన్న మాట.

అయితే వెనుక కోరల పాములన్నీ ఇంతేనని అనుకోవడం ఒకప్పుడు శాస్త్రవేత్తలు చేసిన తప్పే. 1957 సెప్టెంబరులో చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో, అమెరికాలో పేరెన్నికగన్న సరీసృప శాస్త్రవేత్త కార్ల్ ప్యాటర్సన్ ష్మిట్‌ను గుర్తింపు కోసం తెచ్చిన ఒక పిల్ల బూమ్‌స్లాంగ్ బొటనవేలి మీద కరిచింది. ఆఫ్రికా చెట్లపాము అది, వెనుక కోరలదే. ఇంత చిన్న పాము, అదీ ఒకే కోర దిగింది, ఏం చేస్తుందిలే అనుకొని ఆయన చికిత్స తీసుకోకుండా తన లక్షణాలను గంటగంటకూ కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. మరునాడు రక్తస్రావంతో మరణించారు. 1975లో జర్మన్ సరీసృప శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టెన్స్ తాను పెంచుకుంటున్న థెలోటార్నిస్ అనే ఆఫ్రికా పుల్లపాము కాటుకు గురై, చాలా రోజులు బాధపడి చనిపోయారు. ఈ రెండో ఉదంతం పసిరిక పాము విషయంలో ఇంకా గట్టిగా గుర్తుంచుకోవలసింది. థెలోటార్నిస్ చూపుకు అచ్చం పసిరిక పాము వంటిదే: అదే సన్నదనం, అదే మొనదేలిన తల, చివరికి కంటిపాప కూడా అదే ఆకారం. ఆఫ్రికాలో ఒకటి, ఆసియాలో ఒకటి వేరువేరుగా పుట్టి, చెట్టు మీద ఒకే రకమైన బతుకు బతకడం వల్ల ఒకే రూపానికి వచ్చాయి. రూపం కలిసినా విషం కలవలేదు. కాబట్టి పసిరిక పాము వల్ల ప్రాణాపాయం లేదన్న మాటను మనుషులకు పడిన కాట్ల అనుభవం నుంచి చెప్పగలమే తప్ప, దాని కోరల స్థానాన్ని బట్టి గానీ రూపాన్ని బట్టి గానీ చెప్పలేం.

భారతదేశంలో దొరికే పాముకాటు మందు నాలుగు పాముల విషాన్ని విరిచేందుకు తయారైనది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. పసిరిక పాము కాటుకు అది పనిచేయదు, దాని అవసరమూ లేదు. పైగా ఆ మందు కొందరిలో ప్రాణం మీదికి తెచ్చే అలర్జీని కలిగించగలదు కనుక అనవసరంగా ఎక్కించడం మేలు కాదు. మరి కాటు పడ్డవారు ఆసుపత్రికి వెళ్లనక్కరలేదా అంటే, వెళ్లాలి. దానికి కారణం పసిరిక పాము కాదు, దానితో పొరబడే మరో పచ్చని పాము. తూర్పు కనుమల్లోనూ పడమటి కనుమల్లోనూ వెదురు పొదల్లో ఒక ఆకుపచ్చ పింజరి ఉంటుంది. దాని ఒళ్లు బొద్దుగా, తల త్రికోణంగా, మెడ సన్నగా, కంటిపాప నిలువు చీలికగా ఉంటాయి. కంటికీ ముక్కుకూ నడుమ వేడిని పసిగట్టే గుంట ఉంటుంది. కోరలు ముందే ఉంటాయి, పొడవుగా, మడిచి తెరిచేందుకు వీలుగా. ఆ కాటుతో తీవ్రమైన నొప్పి, వాపు తప్పవు. చీకట్లో కరిచినది ఏదో పచ్చని పాము అని మాత్రమే తెలిసినప్పుడు రెండింటినీ విడదీయవలసింది వైద్యుడే గానీ మన ధైర్యం కాదు. పసిరిక పాము పగలు తిరిగేది, పింజరి రాత్రి తిరిగేది అన్న తేడా కొంత ఆధారమే అయినా, పూర్తి భరోసా కాదు.

విషం సంగతి అలా ఉంచితే, ఈ పాములో నిజంగా అపురూపమైనది కన్ను. చాలా పాములకు కంటిపాప గుండ్రంగా గానీ నిలువు చీలికలా గానీ ఉంటుంది. పసిరిక పాముకు అది అడ్డంగా పడుకొని ఉంటుంది, పాతకాలపు తాళంకప్ప రంధ్రం ఆకారంలో, ముక్కు వైపుకు సన్నగా సాగి. ఆ సన్నని కొస దగ్గర మొదలై ముక్కు కొస దాకా మొహం రెండు వైపులా ఒక్కో గాడి ఉంటుంది. తుపాకీ గురిచూసే కాడ లాంటిదనుకోండి, చూపుకు ముక్కు అడ్డు రాకుండా చెక్కిన బాట అది. తల సన్నగా మొనదేలి ఉండడం వల్ల రెండు కళ్లూ ముందున్న ఒకే దృశ్యాన్ని చూడగలవు. పాముల్లో బహుకొద్దింటికి మాత్రమే ఉన్న మరో అమరిక కూడా దీనికి ఉంది. కంటి లోపలి తెర వెనుకభాగంలో చూపుకణాలు కిక్కిరిసిన ఒక చిన్న గుంట ఉంటుంది. ముందునుంచి గాడి వెంట వచ్చిన కాంతి, కంటిపాప సన్నని కొస గుండా దూరి, సరిగ్గా ఆ గుంట మీద పడుతుంది. మన కంటిలో కూడా అక్షరాలు చదివేందుకు పనికివచ్చేది ఇలాంటి గుంటే.

ఇంత ఏర్పాటు ఎందుకో దాని వేటను చూస్తే తెలుస్తుంది. ఎక్కువ పాములు నాలుక చాచి వాసన పట్టి, కదిలే దాని మీద పడతాయి. పసిరిక పాము తినే తొండ, బల్లి, కప్ప వంటివి ప్రమాదం పసిగట్టగానే కదలకుండా కొయ్యబారిపోతాయి. కదలని దానిని ఆకుల మధ్య గుర్తించాలి, అది ఎంత దూరంలో ఉందో కొలవాలి, ఒక్కసారి తల విసిరితే అందాలి. కొమ్మ మీద గురి తప్పితే ఎర కిందికి దూకి మాయమవుతుంది. ఈ లెక్కంతా రెండు కళ్ల చూపుతోనే కుదురుతుంది. దూరం కొలిచాక పాము ఆగి ఆగి ముందుకు సాగుతుంది, సాగేటప్పుడు ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది. గాలి వీచినప్పుడు చుట్టూ ఉన్న తీగలు ఊగినట్టే తానూ ఊగుతూ ఎర దగ్గరికి చేరడం తీగపాముల్లో కనిపించే పద్ధతి. వేలెడు లావు కూడా లేని మీటరున్నర దేహం, దానిలో మూడో వంతుకు పైగా తోక, ఆ తోకతో వెనుక కొమ్మను చుట్టి పట్టుకొని శరీరం ముందు భాగాన్ని ఏ ఆధారమూ లేకుండా బారుగా చాచి నిలపగల వెన్ను, ఇవన్నీ ఆ చూపుకు పనిముట్లు.

కళ్లు పొడుస్తుందన్న కథ ఎక్కడ పుట్టి ఉంటుందో ఇప్పుడు ఊహించవచ్చు. పసిరిక పాము ఉండేది నేల మీద కాదు, మన నడుము నుంచి తల ఎత్తు వరకు ఉండే పొదల్లో, కంచెల మీద. ఆకులు కోయడానికో దారి చేసుకోవడానికో కొమ్మను తప్పించినప్పుడు అది ఎదురయ్యేది మొహానికే. పారిపోవడంలో అది పెద్ద వేగం గలది కాదు, దాని మొదటి రక్షణ కదలకపోవడమే. అది విఫలమైతే మెడను ఎస్ ఆకారంలో వెనక్కి లాగి, నోరు బార్లా తెరిచి, ఒంటిని ఉబ్బిస్తుంది. అప్పుడు పచ్చని పొలుసులు విడిపోయి, వాటి మధ్య దాగిన చర్మం నలుపు తెలుపు గీతలుగా బయటపడుతుంది. క్షణం క్రితం ఆకులా ఉన్నది ఇంకేదో జంతువైపోతుంది. పైగా మొనదేలిన ఆ ముక్కు మనవైపే తిరిగి ఉంటుంది, రెండు కళ్లూ సూటిగా మన కళ్లలోకే చూస్తుంటాయి. పాము ఎదురుగా నిలబడి మనల్ని చూడడం మనకు అలవాటు లేని అనుభవం. దగ్గరకు వెళ్లిన వాడికి కాటు పడితే మొహం మీదే పడే అవకాశమూ ఉంది. కంటి మీద గురిపెట్టి పొడుస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. కన్ను దాని ఆహారమూ కాదు, శత్రువూ కాదు.

ఈ పాము గుడ్లు పెట్టదు. పిల్లలు తల్లి కడుపులోనే పలుచని పొరల్లో పెరిగి, బయటికి వచ్చేసరికి సన్నని పచ్చని దారాల్లా ఉండి ఆ క్షణం నుంచే స్వతంత్రంగా బతుకుతాయి. లండన్ జంతుప్రదర్శనశాలలో 1885 ఆగస్టు నుంచి ఒంటరిగా ఉంచిన ఒక ఆడపాము 1888 ఆగస్టులో పిల్లలను కన్నది. మూడేళ్ల కిందటి వీర్యాన్ని శరీరంలో దాచుకొని వాడుకున్నదనడం ఒక వివరణ. మగదాని ప్రమేయం లేకుండానే కన్నదనడం మరొకటి. పాముల్లో ఈ రెండూ జరిగేవే.

ఇక ఇంతసేపూ పసిరిక పాము అని ఏకవచనంలో చెప్పుకొచ్చిన దానిని సవరించాలి. రెండు శతాబ్దాలకు పైగా దక్షిణ భారతదేశం, శ్రీలంకలలోని పచ్చని తీగపాములన్నిటినీ అహేటుల్లా నాసూటా అనే ఒకే జాతిగా లెక్కించారు. నాసూటా అంటే ముక్కుది అని. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు పడమటి కనుమల వెంట అనేక చోట్ల సేకరించిన పాముల జన్యువులనూ పొలుసులనూ పోల్చి 2020లో ప్రకటించిన దాని ప్రకారం, అసలు నాసూటా శ్రీలంకకే పరిమితం. ద్వీపకల్పపు మైదానాల్లో, అంటే తెలుగునాట కూడా, కనిపించే పొడవైన పచ్చ పాము అహేటుల్లా ఆక్సీరింకా. ఆ పేరును బెల్ అనే ఆంగ్లేయుడు 1825లోనే పెట్టాడు గానీ, తరువాతి వారు దానిని నాసూటాలో కలిపేశారు. పడమటి కనుమల్లో ఉన్నవి బోరియాలిస్, ఫార్న్స్‌వర్తి, మలబారికా, ఇసబెల్లినా, ట్రావంకోరికా అని ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా విడిపోయాయి. బయటి చూపుకు ఇవి కవలల్లా ఉంటాయి. పాలక్కాడు దగ్గర ఉన్నటువంటి కొండవరుసల మధ్య ఖాళీలు, లోయలు వాటి పూర్వీకులను లక్షల సంవత్సరాల పాటు వేరుచేసి ఉంచాయి. దీనికి ముందటి ఏడాది, 2019లో, అగస్త్యమలై కొండల నుంచి ప్రోఅహేటుల్లా యాంటిక్వా అనే పాము వెలుగులోకి వచ్చింది. మిగిలిన తీగపాముల నుంచి అది విడిపోయి సుమారు 2 కోట్ల 60 లక్షల ఏళ్లయిందని జన్యువుల లెక్క. అదే 2019లో ఒడిశా నుంచి లౌడంకియా అనే జాతిని వర్ణించారు. ఒడియాలో లౌ అంటే సొరకాయ, డంక అంటే కాడ. సొరతీగ కొస వంటి పాము అని అక్కడి జనం పెట్టుకున్న పేరునే శాస్త్రవేత్తలు తీసుకున్నారు. ఇన్ని పేర్లలో నాకు బాగా నచ్చినది ఇదే.

ఈ విభజన పేర్ల గొడవ మాత్రమే కాదు. నాసూటా కాటు, నాసూటా విషం అని పాత వైద్యగ్రంథాల్లో ఉన్న నమోదులన్నీ ఇప్పుడు ఏ జాతికి చెందుతాయో పాము దొరికిన చోటును బట్టి మళ్లీ సరిచూసుకోవలసిందే. కొండ అడవిలో కప్పలు తినే జాతికీ, మైదానపు కంచెలో తొండలు తినే జాతికీ విషంలోని పాళ్లు ఒకేలా ఉండాలన్న నియమం లేదు.

పేర్ల విషయానికి వస్తే తెలుగు పేరు కథ కూడా ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లాండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, బొమ్మలతో సహా 1796లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ప్రతి పాముకూ స్థానికులు చెప్పిన పేరునే రోమన్ లిపిలో రాసుకున్నాడు. కట్లపాము జాతి ఒకదానికి ఆయన రాసుకున్న బుంగారుమ్ పామా నుంచే ఇవాళ్టి బుంగారస్ అనే ప్రజాతి పేరు వచ్చింది. మన పచ్చని పాము అందులో పస్సెరికి పామ్. తరువాత 1825లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త గ్రే ఈ పాములకు పస్సెరీటా అనే ప్రజాతి పేరు పెట్టినప్పుడు, ఆ మాటలో పసిరిక స్పష్టంగానే వినిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు గ్రంథాల్లో చాలాకాలం ఆ పేరే చెలామణి అయింది. అయితే జంతువుల నామకరణంలో ముందు పెట్టిన పేరుదే గెలుపు. 1807 నాటి అహేటుల్లా 1825 నాటి పస్సెరీటా కన్నా పద్దెనిమిదేళ్లు పెద్దది కనుక, రంగును చెప్పిన తెలుగు మాట పక్కకు తప్పుకొంది, కళ్లు పొడుస్తుందన్న సింహళ మాట నిలిచింది. దీనికి తోకలా ఇంకొక సంగతి: జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వాడిన ఇదే అహేటుల్లా అన్న మాట, జాతి పేరుగా, శ్రీలంకను ఎన్నడూ చూడని దక్షిణ అమెరికా చిలకపచ్చ పాముకు నేటికీ అంటుకొని ఉంది.